ఇష్టమైన జాజ్ పియానిస్ట్‌ని కలిసే ఛాన్స్ వస్తే ఏం చేయాలి, ఆ జ్ఞాపకాన్ని ఎలా దాచుకోవాలి

ముందు నా పరువు పోయిన సంగతి చెప్పేస్తా, సలహాలు తర్వాత. నేను కీబోర్డ్ వాయిస్తా, పేరున్నవాణ్నేం కాదు, ఎవరు పిలిస్తే వాళ్ల బ్యాండ్‌లో వాయించి డబ్బులు తీసుకుని ఇంటికొచ్చే రకం. ఇరవై ఏళ్ల వయసులో ఒక జాజ్ పియానిస్ట్ రికార్డులు రాత్రి పగలు వినేవాణ్ని, ఆయన్ని మొదటిసారి ఎదురుగా చూసినప్పుడు నా నోట్లోంచి వచ్చిన మొదటి ముక్క ఏంటంటే "సార్ ఆ ఆల్బమ్‌లో మూడో ట్యూన్‌లో మీ సోలో నా లైఫ్‌నే మార్చేసింది" అని. ఆయన ఒక్క క్షణం ఆగి, చాలా మర్యాదగా, "ఆ ట్యూన్‌లో వాయించింది నేను కాదే, ఆ రోజు నేను రాలేకపోతే ఇంకొకాయన వచ్చి వాయించి వెళ్లాడు" అన్నారు. ఇంకేముంది, భూమి చీలి లోపలికి పోతే బాగుండు అనిపించింది. ఏదో నవ్వేసి సెల్ఫీ తీసుకున్నా, అందులో ఆయన కళ్లు మూసుకుని ఉన్నారు, నా మొహం చూస్తే పన్ను పీకించుకుని వచ్చినవాడిలా ఉంది.

తర్వాత దాదాపు పదేళ్లకి ఆయన్నే ఇంకోసారి కలిశా, మహా అయితే పన్నెండు నిమిషాలు, ఆ పన్నెండు నిమిషాలు నా ఎడమ చేతిని పూర్తిగా మార్చేశాయి. మనిషి అదే, నేనూ అదే, తేడా అంతా నేను ఎలా వెళ్లాననే దాంట్లో ఉంది. అది చెప్పడానికే ఇదంతా. ఆయన పేరు మాత్రం రాయను, ఎందుకో చివర్లో చెప్తా.

వెళ్లేముందు చేయాల్సింది

ఎవరు ఏది వాయించారో చూసుకోండి. చిన్న విషయంలా ఉంటుంది గానీ జాజ్‌లో ఇదే పెద్ద గొయ్యి. అందరికీ తెలిసిన ఉదాహరణ మైల్స్ డేవిస్ ఆల్బమ్ కైండ్ ఆఫ్ బ్లూ, 1959లో మార్చి 2న, ఏప్రిల్ 22న రెండు రోజుల్లో రికార్డ్ చేశారు, పియానో బిల్ ఎవాన్స్ అని అందరూ అనేస్తారు, కానీ రెండో ట్యూన్‌లో, ఆ బ్లూస్‌లో, పియానో ముందు కూర్చున్నది వింటన్ కెల్లీ. తెలిసి వింటే వెంటనే పట్టేస్తారు, స్వింగ్ అయ్యే తీరే వేరు, తెలియకుండా వింటే మాత్రం "అబ్బా ఎవాన్స్ బ్లూస్ ఎంత బాగా వాయించాడో" అని పొగిడేసి నాలాగే ఇరుక్కుంటారు. కవర్ వెనక చిన్న అక్షరాల్లో ఎవరెవరు వాయించారో ఉంటుంది కదా, దాన్ని చదవడానికి రెండు నిమిషాలు పట్టదు.

రెండోది, ఆయన లేటెస్ట్‌గా చేసింది ఏదో ఒకటి పూర్తిగా వినండి. కలిసే ప్రతివాడూ ముప్ఫై ఏళ్ల కిందటి హిట్ ఆల్బమ్ గురించే మాట్లాడతాడు, వాళ్లకి అది విని విని విసుగొచ్చేసి ఉంటుంది, పోయినేడు చేసిన దాని గురించి ఒక్క మాట ఎవరైనా అంటే మొహంలో లైట్ వెలుగుతుంది, నేను కళ్లారా చూశా.

మూడోది, నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైనది. ఒక ట్యూన్‌లో ఒక్క చోటు పట్టుకోండి. "ఆ ట్యూన్ అద్భుతం" అంటే అది చోటు కాదు. "చివరి ఎనిమిది బార్లలో (తాళం చుట్లలో) మీ ఎడమ చెయ్యి కిందికి వెళ్లదు, మధ్యలోనే ఉండిపోతుంది, అయినా సౌండ్ నిండుగా ఎలా ఉంది" అంటే అది చోటు. దాన్ని మీరే ఒక వారం పాటు వాయించి చూసి, కుదరక, తల పట్టుకుని ఉండాలి. అలా తల పట్టుకున్నాక పుట్టిన ప్రశ్నకి ఒక వాసన ఉంటుంది, అవతలి వాళ్లు ఇట్టే పసిగడతారు వీడు నిజంగా కూర్చుని కష్టపడ్డాడు అని. ఏదైనా అడగాలి కాబట్టి అడిగిన ప్రశ్న అయితే అదీ తెలిసిపోతుంది లెండి.

ఎక్కడ కూర్చోవాలి

స్టేజ్‌కి ఎదురుగా మనం కూర్చున్నప్పుడు మన ఎడమ వైపు. సాధారణంగా గ్రాండ్ పియానోని అటు చివర పెడతారు, పియానిస్ట్ కుడి భుజం మనవైపు ఉంటుంది, మూత మనవైపు తెరుచుకుంటుంది, అందుకని కుడివైపు కూర్చుంటే మొహం కనబడుతుంది గానీ చేతులు కనబడవు. మొహం ఫొటోల్లో చూసుకోవచ్చు, చేతులు చూడండి. పియానిస్ట్ థెలోనియస్ మాంక్ వేళ్లు వంచకుండా చాచి వాయించేవాడు, పెద్ద పెద్ద ఉంగరాలు కూడా ఉండేవి, ఏ టీచరూ ఒప్పుకోని పద్ధతి అది, కానీ ఆ సౌండ్ ఆ చేతుల్లోంచే వచ్చింది. పెడల్ మీద కాలు కూడా చూడండి, ఎక్కువ మంది దాని సంగతే మర్చిపోతారు.

ఎప్పుడు పలకరించాలి

షో ముందు సౌండ్ సరిచూసుకునే సౌండ్‌చెక్ అప్పుడు వద్దు, ఎవరైనా రమ్మని పిలిస్తే తప్ప. రెండు సెట్ల మధ్య, అంటే మధ్యలో ఇచ్చే విరామంలో, అస్సలు వద్దు, అప్పుడు వాళ్లకి ఆకలేస్తుంటుంది, తర్వాత ఏం వాయించాలా అని ఆలోచిస్తుంటారు, బేసిస్ట్‌తో, అంటే కింది స్వరాలు వాయించే బేస్ ఆయనతో, ఏదో తేడా వచ్చి ఉంటుంది, మనకి తెలియదు. ఆఖరి సెట్ అయ్యాక ఒక పది నిమిషాలు ఆగి వెళ్లండి. క్లబ్బుల్లో ఇది ఈజీ, ఎందుకంటే దాక్కోడానికి వాళ్లకి పెద్ద చోటేం ఉండదు. న్యూయార్క్‌లో విలేజ్ వాన్‌గార్డ్ అని 1935 నుంచి ఉన్న క్లబ్, మెట్లు దిగి వెళ్లే బేస్‌మెంట్, జాజ్ పిచ్చోళ్లకి అది గుడి లాంటిది, అక్కడ మ్యుజీషియన్లు సెట్ల మధ్య కూర్చునేది ఎక్కడో తెలుసా, వంటగదిలో. పాత వంటగదే గ్రీన్ రూమ్ అయిపోయింది. అంత పెద్ద పెద్దవాళ్లు ఆ ఇరుకులో కూర్చుని కబుర్లు చెప్పుకుని మళ్లీ స్టేజ్ ఎక్కేవాళ్లు.

ఇంకో చిట్కా ఏంటంటే ముందు బేసిస్ట్‌తోనో డ్రమ్మర్‌తోనో మాట్లాడండి. వాళ్ల దగ్గరికి ఎవరూ పోరు పాపం, కాబట్టి సంతోషంగా మాట్లాడతారు, పైగా ఈ రోజు పెద్దాయన మూడ్ ఎలా ఉందో వాళ్లకే తెలుసు. నా రెండో మీటింగ్ కుదిరింది అలాగే. బేసిస్ట్ కేబుల్ చుట్టుకుంటుంటే ఆయన ఆంప్ పట్టుకుని సాయం చేశా, ఏదో మాటల్లో నా ప్రశ్న చెప్పా, ఆయనే "ఇది నన్నెందుకు అడుగుతావ్, అదిగో అక్కడున్నాడుగా" అని తీసుకెళ్లి నిలబెట్టాడు.

చెయ్యి వాళ్లు చాపితేనే కలపండి, గట్టిగా నొక్కొద్దు. గంటన్నర వాయించిన చెయ్యి అది, అభిమానం ఎక్కువైపోయి పిండేస్తే వాళ్ల ప్రాణం విలవిల్లాడుతుంది. "నేను కూడా వాయిస్తానండీ" అని మొదట్లోనే అనకండి, మీ ప్రశ్నలోనే అది తెలిసిపోవాలి. మీ డెమో పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టకండి, నేను పెట్టా ఒకసారి వేరే ఆయన చేతిలో, వెళ్లేటప్పుడు అది టేబుల్ మీదే ఉంది.

భయం గురించి ఒక మాట. ఉంటుంది, ఉండనివ్వండి. పెద్ద జాజ్ పియానిస్ట్ ఆస్కార్ పీటర్సన్ కుర్రాడిగా ఉన్నప్పుడు బాగా వాయిస్తున్నానని గర్వం ఎక్కుతోందని, ఆర్ట్ టేటమ్ అనే ఇంకో పియానిస్ట్ రికార్డ్ ఒకటి వాళ్ల నాన్న తెచ్చి వినిపించాడట, కుర్రాడు అది ఇద్దరు కలిసి వాయించారనుకున్నాడు, ఒక్కడే అని తెలిశాక కొన్ని వారాలు పియానో జోలికే పోలేదు. తర్వాత పెద్ద పేరు వచ్చాక కూడా టేటమ్ అంటే వణుకే, ఆయన గదిలో ఉంటే వాయించలేకపోయేవాడు, చివరికి ఇద్దరూ మంచి స్నేహితులయ్యారు అనుకోండి. పీటర్సన్‌కే అలా ఉంటే మనకి నాలుక తడబడితే తప్పేముంది.

ఇంత తంటా ఎందుకనుకుంటే, పాఠాలు చెప్పే పియానిస్ట్‌ని వెతుక్కోండి, వర్క్‌షాప్ అంటే సగం గోడ ముందే పడిపోయి ఉంటుంది. బ్యారీ హారిస్ 2021 డిసెంబర్‌లో 91 ఏళ్లకి చనిపోయేదాకా దాదాపు పాఠాలు చెప్తూనే ఉన్నాడు, న్యూయార్క్‌లో వారం వారం క్లాస్, కొత్తవాళ్లూ ప్రొఫెషనల్సూ అందరూ ఒకే పియానో చుట్టూ మూగేవాళ్లు, కోవిడ్ టైమ్‌లో జూమ్‌లో కూడా చెప్పాడు. అలాంటి చోట అయితే ప్రశ్న అడగడానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు.

ఏం అడగాలి

"మీ ఇన్‌స్పిరేషన్ ఎవరు" అని మాత్రం అడక్కండి దండం పెడతా. దానికి జవాబు వాళ్ల నోట్లో రెడీగా ఉంటుంది, వంద ఇంటర్వ్యూల్లో చెప్పిందే మళ్లీ చెప్తారు. ఎలా అడగాలో నేర్చుకోవాలంటే మేరియన్ మెక్‌పార్ట్‌లాండ్ రేడియో ప్రోగ్రామ్ వినండి, పియానో జాజ్ అని 1979లో అమెరికా పబ్లిక్ రేడియోలో మొదలై ముప్ఫై ఏళ్ల పైనే నడిచింది. ఆవిడే స్వయంగా మంచి పియానిస్ట్, రెండు పియానోలు పెట్టించి గెస్ట్‌ని ఒకదాని ముందు కూర్చోబెట్టి తను ఇంకోదాని ముందు కూర్చునేది, మాటల్లో ఆగిపోయిన చోట వాయించి చూపించమనేది. బిల్ ఎవాన్స్ వచ్చిన ఎపిసోడ్ ఉంది, 1978లో రికార్డ్ చేశారు, పెద్దగా మాట్లాడే మనిషి కాదని పేరు గదా, పియానో ముందుంటే విడమరిచి చెప్తూనే ఉంటాడు. అందులోంచి నేను ఎత్తుకొచ్చింది ఒకటే, "చెప్తారా" అని కాదు, "చూపిస్తారా" అని అడగాలి.

నేను అలాగే అడిగా. ఆయన అప్పటికే కోటు వేసేసుకున్నారు, వెళ్లిపోయే మనిషి, నా ప్రశ్న విని ఒక నిట్టూర్పు విడిచి పియానో బెంచీ మీద సగమే కూర్చున్నారు, కోటు విప్పలేదు. ఎడమ చేత్తో నాలుగు స్వరాలు నొక్కారు. ఎఫ్, ఏ, సీ, ఈ. ఇది ఏ కార్డ్, అంటే కలిసి మోగే ఈ స్వరాల గుంపు పేరేంటి, అని అడిగారు. ఎఫ్ మేజర్ సెవెన్ అన్నా, పరీక్షలో జవాబు చెప్పినట్టు. తల అడ్డంగా ఊపి నోటితో కింద డీ పాడారు, మ్మ్మ్ అని. అంతే, అది డీ మైనర్ అయిపోయింది. తర్వాత సీ ఒక్కటే బీ దగ్గరికి జరిపారు, మిగతా మూడు వేళ్లు కదల్లేదు, ఎఫ్, ఏ, బీ, ఈ, ఈసారి కింద జీ పాడారు, జీ సెవెన్. తర్వాత బీ అలాగే ఉంచి మిగతా మూడూ ఒక్కో మెట్టు దిగాయి, ఈ, జీ, బీ, డీ, పాడింది సీ. మూడు కార్డ్‌లు, చెయ్యి అసలు ఎక్కడికీ పోలేదు. అసలు స్వరం, ఆ కార్డ్ పేరు దేని మీద ఉందో ఆ స్వరం, ఎక్కడా నొక్కలేదు.

పుస్తకాల్లో ఉన్నదే ఇది, రూట్‌లెస్ వాయిసింగ్స్ అంటారు, 1950ల చివర్నుంచి ఎవాన్స్, వింటన్ కెల్లీ లాంటి వాళ్ల చేతుల్లో అందరికీ అలవాటైంది, బేస్ వాయించేవాడు ఉన్నాడు కాబట్టి కింది స్వరం వాడికి వదిలేస్తే మనకి చెయ్యి ఖాళీ అవుతుంది, పైన రంగులు వేసుకోవచ్చు. నేను చదివా కూడా అంతకుముందు. కానీ ఆయన నోటితో డీ పాడుతుంటే గానీ బుర్రకెక్కలేదు, లేని స్వరాన్ని ఆయన వింటూ వాయిస్తున్నారు అని. మూడుసార్లు చూపించారు, మూడోసారి పెడల్ లేకుండా, చాలా నెమ్మదిగా. లేచి వెళ్లిపోయారు.

ఆ రాత్రే చేయాల్సింది

ఫోన్‌లో రికార్డ్ చేయాలనిపిస్తుంది, అడక్కుండా చేయొద్దు, అడిగినా నేనైతే వద్దంటా, ఫోన్ పైకెత్తగానే మనిషి మారిపోతాడు. బయటికొచ్చాక మొదటి గంటలో వాయిస్ నోట్ పెట్టుకోండి, మాటలు తర్వాత, ముందు పాడండి. ఆయన వాయించింది మీ గొంతు ఎంత గాడిద గొంతైనా సరే పాడేయండి, ఎందుకంటే మాటలు రేపటికి సగం ఉంటాయి, స్వరాలు రేపటికి అసలు ఉండవు.

ఇంటికెళ్లి నిద్రపోయేలోపు కాగితం మీద పెట్టాలి. ఎలా రాయాలో చూడాలంటే స్టీవ్ లేసీ కాగితం చూడండి. సొప్రానో శాక్స్ వాయించేవాడు, 1960లో కొన్ని నెలలు మాంక్ బ్యాండ్‌లో ఉన్నాడు, అప్పుడు మాంక్ అన్న మాటలు చేత్తో రాసి పెట్టుకున్నాడు, ఆ కాగితం ఫొటో ఇప్పటికీ మ్యుజీషియన్ల ఫోన్లలో తిరుగుతూనే ఉంటుంది. అందులో "ఆ మహానుభావుడి సమక్షంలో నా హృదయం" లాంటిది ఒక్క లైన్ లేదు. డ్రమ్మర్ కాకపోయినా తాళం నీ పనే అని ఉంటుంది, వాయించేటప్పుడు కాలితో తాళం వేస్తూ మనసులో మెలడీ పాడుకోమని ఉంటుంది, డ్రమ్మర్ గొప్పగా వినిపించేలా చూడమని, అన్నీ వాయించేయకు కొన్ని వదిలెయ్ అని, ఆఖరికి రాత్రి గిగ్‌కి బట్టలు ఏం వేసుకోవాలి అన్నదానికి కూడా జవాబుంది, వీలైనంత షోకుగా అని. నాకు ఆ బట్టల లైనే ఎక్కువ ఇష్టం. అది లేకపోతే మిగతావి సూక్తుల్లా ఉండేవి, అది ఉండబట్టి ఆ గదిలో ఒక మనిషి కనబడుతున్నాడు.

నేను పేజీని ఇలా వాడతా. ఆయన అన్న మాటలు, కచ్చితంగా గుర్తున్నవి మామూలుగా, అనుమానం ఉన్నవాటి పక్కన ప్రశ్న గుర్తు. ఆయన చేతులు చేసింది. నేను అన్న మాటలు, ఇది రాయబుద్ధి కాదు, సిగ్గేస్తుంది, అయినా రాయాలి, నా ప్రశ్న లేకపోతే ఆయన జవాబుకి అర్థమే ఉండదు. చుట్టూ ఏం జరుగుతోంది అనేది కూడా, ఎవరో కుర్చీలు ఎత్తి పెడుతున్నారు, ఏసీ ఆపేశారు, ఇలాంటివి. బిల్ ఎవాన్స్ ట్రియో (ముగ్గురి బ్యాండ్) 1961 జూన్ 25న వాన్‌గార్డ్‌లో వాయించిన రికార్డింగ్స్ వింటే గ్లాసుల చప్పుడు, ఎవరో నవ్వడం, మాట్లాడుకోవడం వినిపిస్తుంది కదా, మొదట్లో నాకు ఒళ్లు మండేది నోరు మూసుకుని వినొచ్చుగా అని, ఇప్పుడు ఆ చప్పుళ్లు తీసేస్తే ఆ రికార్డ్ నాకు వద్దు.

పొద్దున్నే పియానో దగ్గరికెళ్లి వాయిస్ నోట్ వింటూ స్వరాలు వెతకండి. దొరక్కపోతే దొరకలేదనే రాయండి.

పదిమందికీ రాయాలనుకుంటే

ముందు తేదీలు చెక్ చేసుకోండి. జ్ఞాపకం చాలా ధీమాగా అబద్ధం చెప్తుంది. ఆ వాన్‌గార్డ్ రికార్డింగ్‌లో బేస్ వాయించిన స్కాట్ లఫారో సరిగ్గా పదకొండు రోజులకి, జూలై 6న, కారు యాక్సిడెంట్‌లో చనిపోయాడు, పాతికేళ్లు. కాబట్టి ఎవరైనా "ఆ ఏడు ఆగస్టులో ఆ ట్రియోని విన్నా" అని రాస్తే అది జరిగే పని కాదు, పాపం అబద్ధం చెప్పాలని కాదు, బుర్ర రెండు రాత్రుల్ని కలిపేసి కుట్టేస్తుంది. పోస్టర్లు, టికెట్ ముక్కలు, ఫొటోల మీద తేదీలు, ఆల్బమ్ ఎప్పుడు వచ్చిందో, వీటితో సరిచూసుకోండి.

ఆయన పుట్టింది ఎక్కడ, ఎన్ని అవార్డులు అనేవి వదిలేయండి, అవి అందరికీ దొరుకుతాయి, మీ దగ్గర మాత్రమే ఉన్నది ఆ కోటు, ఆ సగం బెంచీ. తాగుడు, జబ్బు, డబ్బులు, తోటివాళ్ల మీద విసుక్కుని అన్న మాటలు కూడా వదిలేయండి. గొప్పవాళ్ల చివరి రోజుల మీద జనానికి ఒక రకమైన ఆకలి ఉంటుంది, నాకు అది నచ్చదు. మాంక్ చివరి ఏళ్లు న్యూయార్క్ పక్కనే ఉన్న వీహాకెన్‌లో, జాజ్ వాళ్లకి అండగా ఉండే పనోనికా అనే ఆవిడ ఇంట్లో గడిచాయి, పియానో దాదాపు ముట్టుకోలేదు, 1982లో పోయాడు, దాని మీద ఎన్నైనా కథలు చెప్పుకోవచ్చు, మనకి కావాల్సింది మాత్రం ఆయన ట్యూన్‌లూ వాటి కార్డ్‌లే. నేను పేరు రాయకపోవడానికి కారణం కూడా అదే, బెంచీ మీద కూర్చునేముందు ఆయన ఒకటి రెండు మాటలు అన్నారు, అలసిపోయిన మనిషి అనే మాటలు, వాటికీ నా ఎడమ చేతికీ సంబంధం లేదు.

చివరిగా, రాసింది అచ్చేసేముందు ఆ రోజు అక్కడున్న ఇంకొకరికి చూపించండి. నేను ఏళ్ల తరబడి అందరికీ చెప్పిన కథలో పియానిస్ట్ నా వైపు తిరిగి "కింది స్వరం బేసిస్ట్‌ది, వాడి అన్నం నువ్వెందుకు తింటావ్" అంటారు, జనం నవ్వుతారు, బ్రహ్మాండమైన లైన్. మొన్నామధ్య పాత నోట్‌బుక్ తీస్తే ఆ లైన్ అన్నది పియానిస్ట్ కాదు, పక్కన కేబుల్ చుట్టుకుంటున్న బేసిస్ట్ అని నా చేత్తోనే రాసుంది, పక్కన ప్రశ్న గుర్తు. సరే అని వెతికి పట్టుకుని ఆ బేసిస్ట్‌కే మెసేజ్ పెట్టా. ఆయన "నేనా? నేనలా ఎప్పుడూ అనను, అది నువ్వే అన్నావ్, మేమిద్దరం నవ్వాం" అని రిప్లై ఇచ్చాడు. ఇప్పుడు మూడు వెర్షన్లూ ఒకే పేజీలో ఉన్నాయి, ఏదీ కొట్టేయలేదు. వాటి కింద ఎఫ్, ఏ, సీ, ఈ అని ఉంది, దాని పక్కన మాత్రం ప్రశ్న గుర్తు లేదు.